స్టూలు లేని లిఫ్టు

ఆ ఐదంతస్తుల ఆఫీసు మేడలో లిఫ్టు నడిపేవాడికి ఒకప్పుడు కూర్చోడానికి స్టూలు ఉండేది. తర్వాత పోయింది. దొంగలు ఎత్తుకుపోలేదు, ప్రాణస్నేహితుడే పోగొట్టాడు. దొంగలకైతే కాస్త సిగ్గుంటుంది, చీకటి పడేదాకా ఆగుతారు.

ఆ స్నేహితుడు అప్పట్లో అదే మేడకి వాచ్‌మన్. ఒక మధ్యాహ్నం వాడికి ఫొటో దిగాలని బుద్ధి పుట్టింది. చొక్కా నలిగి ఉంది. ఇస్త్రీపెట్టె పట్టుకుని మీటర్ల గదిలో దూరి, దొరికిన ప్లగ్గులో పెట్టాడు. పాత వైరింగు, బరువైన ఇస్త్రీపెట్టె. ఫ్యూజు ఠప్పున పోయింది. సరిగ్గా అప్పుడే ఓనరుగారి అత్తగారు పన్నునొప్పితో మూడో అంతస్తులోని డెంటిస్టు దగ్గరికి లిఫ్టులో పోతోంది. లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది. ఆవిడ దవడ పట్టుకుని లిఫ్టువాణ్ణీ, వాడి వంశాన్నీ, అల్లుణ్ణీ, చివరికి తన పళ్లనీ తిట్టిపోసింది. ఆ తిట్లు వినలేక లిఫ్టువాడు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అదే అతను చేసిన నేరం.

వాచ్‌మన్ గుట్టుచప్పుడు కాకుండా ఫ్యూజు మార్చి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికన్నా ముందు ఓనరు దగ్గరికి చేరాడు. "ఏం చెప్పమంటారు సార్. స్టూలు మీద కూర్చుని కునుకు తీస్తుంటాడు. నిద్రలో లిఫ్టు పిడి ఎటో తిప్పేసుంటాడు" అన్నాడు. అత్తగారు కూడా, "అవును, కళ్లు మూసుకునే ఉన్నాడు, నేను చూశాను" అంది. ఇంకేం కావాలి? సాక్షి నిజమే చెప్పింది, తీర్పు మాత్రం అబద్ధం. ఓనరు అక్కడికక్కడే తేల్చేశాడు. "కూర్చుంటేనే కదా నిద్ర! రేపట్నుంచి నిలబడి నడుపు. ఆ స్టూలు తీసి గేటు దగ్గర వెయ్యండి."

గేటు దగ్గర కూర్చునేది ఎవరు? ఆ వాచ్‌మనే.

లిఫ్టువాడికి సంగతి ఆ రోజే తెలిసింది. మీటర్ల గదిలో కాలిన వాసన ఇంకా పోలేదు, స్నేహితుడి చొక్కా మీద మడత ఇంకా చల్లారలేదు. మెట్ల కింద పట్టుకుని నిలదీస్తే వాడు రెండు చేతులూ పట్టుకుని ఏడుపు మొహం పెట్టాడు. "రేయ్ మామా, నిజం తెలిస్తే నా ఉద్యోగం పోతుందిరా. నీకు పోయేది స్టూలే కదా!" లెక్క బాగానే ఉందనిపించింది ఇతనికి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునేవాళ్లు లోకంలో కొల్లలు. కాళ్లు పట్టుకోగానే కరిగిపోయేవాళ్లు లేకపోతే వాళ్ల బతుకు ఎలా సాగుతుంది?

అప్పట్నుంచీ అతను లిఫ్టులో నిలబడే ఉన్నాడు. డెంటిస్టు దగ్గర పనిచేసే కాంపౌండరు అతనికి 'నిట్రాట' అని పేరు పెట్టాడు. గుడిసె కప్పుని నెత్తిన మోస్తూ నడిమధ్య నిలబడే గుంజ అన్నమాట. ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఏళ్లు గడిచాయి. నిట్రాట పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. సాయంత్రం ఇంటికి పోయి నేల మీద పడుకుని, కాళ్లు రెండూ గోడకి ఆనించి పైకి పెట్టుకునేవాడు. అతని అక్క టైలరు. మిషను తొక్కుతూనే తమ్ముడి వైపు చూసి అనేది:

"తలకిందులుగా వేలాడే గబ్బిలం నయంరా నీకంటే. దానికి కనీసం ఎగరడం వచ్చు."

"ఏం చెయ్యమంటావు అక్కా?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఆ వెధవతో కలిసి టీ తాగడం మానెయ్. మెత్తనివాణ్ణి చూస్తే ఎవడికైనా మొత్తబుద్ధేస్తుంది. వాడి తప్పేముంది!"

కానీ అతను టీ మానలేదు. ఈలోగా స్నేహితుడు వాచ్‌మన్ నుంచి కేర్‌టేకరు అయ్యాడు. కింది అంతస్తు వెనకవైపు గది ఇచ్చారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆరేళ్ల పిల్ల, మూడేళ్ల పిల్లాడు. పిల్లకి నోరు ఎక్కువ కాబట్టి మేడంతా మిరపకాయ అని పిలిచేవాళ్లు. పిల్లాడు బుడ్డోడు. వాళ్లని చూసుకునే అమ్మమ్మ అల్లుడితో పోట్లాడి, "నీ ఇంట్లో గంజి తాగినా అరగదు" అని శాపనార్థాలు పెట్టి రెండో కూతురింటికి వెళ్లిపోయింది. వాడి భార్యకి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఉదయం పోతే చీకటి పడ్డాకే రావడం. ఇక మిగిలింది తండ్రి. కన్నవాడు పిల్లల్ని చూసుకోవడం లోకంలో ఎక్కడైనా ఉందా?

వేసవి సెలవుల మొదట్లో ఒక పొద్దున వాడు చంకలో బుడ్డోణ్ణీ, చేతికి మిరపకాయనీ తగిలించుకుని లిఫ్టు దగ్గరికి వచ్చాడు. మళ్లీ అదే మొహం, మెట్ల కింద పెట్టిన మొహం.

"నాలుగంటే నాలుగే రోజులు చూడరా మామా. నువ్వెలాగూ ఊరికే పైకీ కిందికీ తిరుగుతుంటావు. వీళ్లూ తిరుగుతారు."

"ఊరికే తిరుగుతున్నానా?"

"కోప్పడకు. ఓనరుతో మాట్లాడతా. నీ స్టూలు నీకు ఇప్పిస్తా. నా పిల్లల మీద ఒట్టు."

స్టూలు! నిట్రాట కళ్లు మెరిశాయి. నాలుగు కాళ్ల చెక్క ముక్క కోసం మనిషి ఇంతగా ఆశపడతాడా అని నవ్వేవాళ్లు ఒకసారి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గూట్లో నిలబడి చూడాలి. ఆ స్టూలే అతనికి పదవి, పరువు, మందు. పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకున్న మరుక్షణమే బుడ్డోడు అతని యూనిఫాం జేబు లాగి రెండు గుండీలు ఊడబెరికాడు.

పసిపిల్లలు దేవుళ్లని చెప్పేవాళ్లు వాళ్లని గంటకి మించి చూసుకుని ఎరగరు. బుడ్డోడికి లిఫ్టు పైకి పోతే సంతోషం, కిందికి పోతే ఏడుపు. ఐదంతస్తుల మేడలో ఎంత ఎక్కితే అంత దిగక తప్పదని వాడికి చెప్పేదెవరు? కిందికి దిగినప్పుడల్లా పీక చించుకునేవాడు. ఎక్కినవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. నాలుగో అంతస్తు ఆడిటరు, "ఇది లిఫ్టా, పిల్లల సంతా?" అనేవాడు. బుడ్డోడు ఇత్తడి పిడిని నాకేవాడు. ఆడిటరు ఫైళ్ల తాళ్లు నమిలేవాడు. ఒకసారి పాలన్నీ ఒక వకీలు బూట్ల మీద కక్కితే, నిట్రాట మోకాళ్ల మీద కూర్చుని ఆ బూట్లు తుడిచాడు. ఆ వేళ అతను పనిలో కూర్చున్నది అంతసేపే.

మిరపకాయది వేరే తీరు. ఏడవదు, అడుగుతుంది.

"మామయ్యా, లిఫ్టు కింద ఏముంది?"

"గొయ్యి."

"గొయ్యి కింద?"

"మీ నాన్న."

"మా నాన్న గదిలో పడుకున్నాడుగా. కింద ఎలా ఉంటాడు?"

నిజమే, గదిలోనే పడుకుని ఉండేవాడు. కడుపులో చల్ల కదలకుండా ఫ్యాను కింద దొర్లి, మధ్యాహ్నం లేచి, మొహం కడుక్కుని, పిల్లల్ని ఎలా చూసుకోవాలో నిట్రాటకి చెప్పడానికి వచ్చేవాడు. "బుడ్డోడికి అన్నం మెత్తగా పిసికి పెట్టరా. దానికి నీళ్లు తాగించు. ఎండలోకి వదలకు." నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. సెలవులు అయిపోయాయి. మిరపకాయ బడికి పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. బుడ్డోడు మాత్రం ఆఫీసు తెరిచినప్పట్నుంచి మూసేదాకా చంకలోనే. స్టూలు సంగతి అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది. ఓనరు ఊళ్లో లేడు. వచ్చాడు గానీ చిరాకుగా ఉన్నాడు. చిరాకు తగ్గింది గానీ అత్తగారు వచ్చింది, ఆవిడ ముందు ఆ మాట ఎత్తకూడదు. ఇవన్నీ గేటు దగ్గర ఆ స్టూలు మీదే కూర్చుని చెప్పేవాడు.

"నడుం విరిగిపోతోంది అక్కా" అని ఒకరోజు ఇంట్లో అన్నాడు నిట్రాట.

"ఇవ్వాళ చొక్కా మీద ఏంటది?"

"బుడ్డోడి ముక్కు."

"ఎందుకురా నవ్వుతున్నావు?"

అతనికి సిగ్గేసింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చాకిరీ ఒక్కటే అయితే ఎప్పుడో దులిపేసుకునేవాడు. మధ్యాహ్నం బుడ్డోడు అతని భుజం మీద వాలి నిద్రపోయేవాడు. మెడకి ఆనుకున్న ఆ చెమ్మగిల్లిన బుగ్గ, ఆ వేడి ఊపిరి. లిఫ్టు కదులుతున్నంతసేపే వాడికి నిద్ర, ఆగితే లేచిపోతాడు. అందుకని ఎక్కేవాళ్లు లేకపోయినా నిట్రాట ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ తిప్పుతూ ఉండేవాడు. అన్ని అంతస్తుల్లోనూ జనం గంటలు కొట్టీ కొట్టీ, గ్రిల్లు అవతల నుంచి ఆగకుండా పోతున్న లిఫ్టుని చూసి బూతులు తిట్టేవాళ్లు. పసివాడి నిద్ర కోసం ఒక మేడని మొత్తం నిలబెట్టిన మహారాజు అతనొక్కడే. కానీ ఆ మహారాజు కాళ్లు వాచేవి.

ఇక మిరపకాయ. అది ఇత్తడి పిడి మీద కన్ను వేసింది.

అది పాతకాలపు లిఫ్టు. బటన్లు లేవు. గంట మోగితే పలక మీద ఏ అంతస్తో నంబరు వెలుగుతుంది, అంతే. బయట గ్రిల్లూ లోపలి గ్రిల్లూ రెండూ వేసి, పిడి కుడికి తిప్పితే పైకి, ఎడమకి తిప్పితే కిందికి. గడప దగ్గరికి జానెడు ముందే పిడి వదలాలి. ఎక్కువ బరువుంటే ఇంకాస్త ముందు. లేకపోతే గచ్చుకీ లిఫ్టుకీ మధ్య మెట్టు పడుతుంది, ఎవరో ఒకరు బోర్లా పడతారు. నిట్రాటకి అది చేతివేళ్లలో ఉన్న విద్య. ఇన్నేళ్లలో దాన్ని నేర్పమని అడిగినవాళ్లు లేరు. లిఫ్టువాడి దగ్గర నేర్చుకునేదేముంటుంది?

"నాకు నేర్పు మామయ్యా."

"నువ్వు అందుకోలేవు."

"సబ్బుల పెట్టె వేసుకుంటా."

పెట్టె తిరగేసి వేసి, ఎక్కించాడు. మనిషికి విద్య ఒక్కటే చాలదు, దాన్ని ఇంకొకళ్లకి చూపించాలనే దురద కూడా ఉంటుంది. ఆ దురదే కొంప ముంచుతుంది. ఆ చిన్న చేతి మీద తన చెయ్యి వేసి తిప్పించాడు. తర్వాత చెయ్యి తీశాడు. "కళ్లతో చూడకు, అరికాళ్లతో విను" అన్నాడు. ఆ పిల్ల కళ్లు మూసుకుంది, పెదవి కొరికింది, వదిలింది. లిఫ్టు గచ్చుతో సమానంగా, నీళ్లు పోస్తే ఒలకనంత సమంగా ఆగింది. నిట్రాట బుడ్డోణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. సొంత కూతురు డాక్టరైనా అంత పొంగిపోడేమో! అదే పనిగా రోజూ నేర్పాడు. చివర్న అనాల్సిన మాట కూడా నేర్పాడు: "మూడో అంతస్తు. కాలు చూసి పెట్టండి."

ఇంత తెలివితక్కువ పని లిఫ్టువాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. తన కూడు తన చేత్తోనే ఆరేళ్ల పిల్ల చేతిలో పెట్టాడు.

ఒక మధ్యాహ్నం మూడో అంతస్తులో బుడ్డోడు నిక్కరు తడుపుకున్నాడు. తడపడంతో ఆగలేదు. "నువ్విక్కడే ఉండు, పిడి ముట్టుకోకు" అని మిరపకాయకి చెప్పి, పిల్లాణ్ణి పట్టుకుని బాత్‌రూములోకి పరిగెత్తాడు నిట్రాట. కుళాయి కింద వాణ్ణి కడుగుతుంటే కింది అంతస్తు గంట మోగింది. మళ్లీ మోగింది. పెద్దమనిషి ఎవరో తొందరలో ఉన్నట్టున్నాడు. నిట్రాట ఒంటి మీద బట్టలేని పిల్లాణ్ణి చంకనేసుకుని, నీళ్లు ఓడుతూ బయటికొచ్చాడు. గ్రిల్లు వేసి ఉంది. లోపల లిఫ్టు లేదు. కింద నల్లటి గొయ్యి, కదులుతున్న ఇనప తాళ్లు.

పైప్రాణాలు పైనే పోయాయి. "అమ్మా!" అని గ్రిల్లు పట్టుకుని గోతిలోకి కేకేశాడు. తాళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. చీకట్లోంచి లిఫ్టు దీపం పైకి వచ్చింది, దాని వెనకే సబ్బుల పెట్టె మీద మిరపకాయ, పక్కన ఓనరు. లిఫ్టు గచ్చుతో సమంగా ఆగింది.

"మూడో అంతస్తు. కాలు చూసి పెట్టండి" అంది మిరపకాయ.

ఓనరు కాలు చూసి పెట్టి, పొట్ట కదిలేలా నవ్వాడు. "భలే! భలే! ఎవరు నేర్పారే నీకు?"

"లిఫ్టు మామయ్య!"

"ఏమోయ్, గట్టివాడివే!" అని నిట్రాట భుజం తట్టాడు ఓనరు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఆ భుజం మీద పడటం అదే మొదటిసారి. ఇదే అదననుకున్నాడు నిట్రాట. చంకలో పిల్లాణ్ణి సర్దుకుని, "సార్, నా స్టూలు... కాళ్లు..." అన్నాడు.

"చూద్దాంలే" అన్నాడు ఓనరు, ఇంకా నవ్వుతూనే.

ఆ సాయంత్రం నిట్రాట కాళ్లు గోడకి ఆనించలేదు. అక్కకి వర్ణించి వర్ణించి చెప్పాడు. అక్క మిషను ఆపింది. "పెద్దవాళ్లు నవ్వితే జేబులు తడుముకోవాలిరా" అంది. కుళ్లుమోతుదని అనుకున్నాడు అక్కని, మొట్టమొదటిసారి.

కొన్నాళ్లకి ఇద్దరు మెకానిక్కులు వచ్చి లిఫ్టు గొయ్యి కొలిచారు. తర్వాత ఓనరు కేర్‌టేకర్ని పిలిచి మాట్లాడుతున్నాడని తెలిసి నిట్రాట ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్లాడు, స్టూలు సంగతి తేలుతుందేమోనని. భుజం మీద బుడ్డోడు, వేలు పట్టుకుని మిరపకాయ.

"ఆరేళ్ల పిల్ల నడిపేదానికి మనిషెందుకయ్యా!" అంటున్నాడు ఓనరు. "బటన్లు పెట్టిస్తున్నా. అది సరే, ప్రమాదం కాదూ? నీ కూతుర్ని లిఫ్టులోకి ఎవరు రానిచ్చారు?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవాలి కదా. వీడు అదీ చెయ్యలేదు, ఎంతో తేలిగ్గా అన్నాడు. "నాకు తెలీదు సార్. వాడే ఎత్తుకుపోతాడు. పెళ్లీ పెటాకులూ లేవు కదా, పిల్లలంటే పిచ్చి. వద్దంటే వినడు."

"నాన్నా, నువ్వేగా రోజూ పంపేది?" అంది మిరపకాయ గుమ్మంలోంచి. "స్టూలు ఇప్పిస్తానన్నావుగా మామయ్యకి!"

ఓనరు మళ్లీ నవ్వాడు, మొన్నటి నవ్వే. "దీనికి నోరు భలే ఉందే" అని సొరుగులోంచి చాక్లెట్టు తీసిచ్చాడు. కేర్‌టేకరు కూడా నవ్వాడు. నిజం ఆ గదిలోకి వచ్చి, ఎవరూ కూర్చోమనక, వచ్చిన దారినే వెళ్లిపోయింది. నిట్రాట నోరు తెరిచాడు. ఈసారి చెప్పేసేవాడేమో, ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచీ అంతా. అప్పుడే భుజం మీద బుడ్డోడు నిద్రలో కదిలాడు. లేస్తాడేమోనని అతను గుమ్మంలోనే అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాడు. పిల్లాడు మళ్లీ పడుకునేసరికి ఓనరు ఫోను ఎత్తేశాడు.

కొత్త లిఫ్టు వచ్చింది. గోడలకి అద్దాలు, వరసగా బటన్లు. ఆఖరి రోజున మిరపకాయ ఎక్కి ఐదు నొక్కింది. ఐదుకి పోయింది. ఒకటి నొక్కింది. ఒకటికి వచ్చింది. "ఇందులో నేర్చుకోడానికేం లేదు మామయ్యా" అని దిగిపోయింది. ఇత్తడి పిడిని మెకానిక్కులు పాత సామాన్లలో వేసుకుపోయారు.

నిట్రాటకి ఊరి చివర కార్లు నిలిపే జాగాలో చీటీలు చింపే పని దొరికింది. అక్కడ కుర్చీ ఉంది. అంతకాలం కూర్చోడానికి ఏడ్చినవాడు కూర్చున్నాడు, మాడు పగిలే ఎండలో. కూర్చున్నా కాళ్ల నొప్పులు తగ్గలేదు. అప్పటికే ఆలస్యం అయిపోయిందన్నాడు డాక్టరు.

ఆ స్నేహితులిద్దరూ ఆఖరిసారి కలిసింది అక్కడే. కేర్‌టేకరు పిల్లలిద్దర్నీ వెంటేసుకుని వచ్చాడు. కొత్త లిఫ్టులో బుడ్డోడు బటన్లన్నీ ఒకేసారి నొక్కుతున్నాడట, డెంటిస్టు మండిపడ్డాడట, చూసుకునే దిక్కు లేదట. వాడు చెప్పడం పూర్తయ్యేలోపే బుడ్డోడు నిట్రాట ఒళ్లోకి ఎక్కి చీటీల కట్ట నోట్లో పెట్టుకున్నాడు. మిరపకాయ కుర్చీ వెనక చేరి, వచ్చే కారుకల్లా చెయ్యి ఊపి, "ఆపండి, వెనక్కి, ఇంకా వెనక్కి" అని మొదలుపెట్టింది.

"నాలుగంటే నాలుగే రోజులు మామా" అన్నాడు వాడు. ఆ మొహమే పెట్టాడు. "ఈ ఎండేంట్రా, ఈ బతుకేంట్రా నీకు. ఇక్కడి సూపర్‌వైజరు నాకు బాగా తెలిసినవాడే. మాట్లాడి నీకో గొడుగు వేయిస్తా."

నిట్రాట బుడ్డోడి నోట్లోంచి చీటీలు లాగి, తడి తుడిచి, వాణ్ణి ఒళ్లో సరిగ్గా కూర్చోబెట్టుకున్నాడు. స్నేహితుడి మొహం వైపు మాత్రం చూడలేదు.

"పిల్లల్ని ఉంచి పో. గొడుగు సంగతి మాత్రం ఎవడితోనూ మాట్లాడకు. నువ్వు ఇప్పిస్తానన్నప్పుడల్లా నా దగ్గరున్నదే ఏదో ఒకటి పోతోంది."